డిశ్చార్జ్ బుక్‌లో రాసిన కారణం తప్పయితే దాన్ని సవాలు చేయడం ఎలా: జవాన్లకు, మాజీ సైనికులకు సమగ్ర మార్గదర్శి

సైన్యం నుంచి బయటికి వచ్చిన ప్రతి జవాను దగ్గరా ఒక డిశ్చార్జ్ బుక్ ఉంటుంది. అందులో నంబరు, ర్యాంకు, పేరు, చేరిన తేదీ, పతకాలు, కుటుంబ వివరాలతో పాటు సర్వీసు నుంచి ఎందుకు పంపించారో చెప్పే వరుస ఒకటి ఉంటుంది. పదిహేనేళ్లు సరిహద్దుల్లో గడిపిన మనిషి గురించి బయటి ఉద్యోగం ఇచ్చేవాళ్లు, పింఛను చూసేవాళ్లు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్లు ముందుగా చూసేది ఆ వరుసనే. 'చేరినప్పటి షరతులు పూర్తయినందువల్ల' అని ఉంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. 'సేవలు ఇక అవసరం లేనందువల్ల' అని ఉంటే మాత్రం పుస్తకం మూసి, మనిషి ముఖంలోకి చూస్తారు.

ఆ వరుస తప్పని నమ్మే సైనికుడు ఏం చేయాలి, ఎవరికి రాయాలి, ఎంత గడువులోపు కదలాలి అనేదే ఈ వ్యాసం. ఇది ప్రధానంగా భారత సైన్యంలోని జవాన్లకు, ఎన్‌సీఓలకు (నాయక్, హవల్దార్ ర్యాంకులవాళ్లు), జేసీఓలకు (నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ ర్యాంకులవాళ్లు) వర్తిస్తుంది. వైమానిక దళానికి, నౌకాదళానికి వేరే చట్టాలు, వేరే రూల్స్ ఉన్నా నడక చాలావరకు ఇలాగే ఉంటుంది. మొదటే ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలామంది పుస్తకంలోని వరుసను మార్చమని ఏళ్ల తరబడి అర్జీలు పెడతారు, ఏ జవాబూ రాదు. ఆ వరుస ఒక ఉత్తర్వు చూసి గుమాస్తా ఎక్కించినది. ఉత్తర్వు నిలిచి ఉన్నంతకాలం వరుస మారదు. కాబట్టి దాని వెనక ఉన్న ఉత్తర్వు ఏది, దాని మీద ఎవరు సంతకం చేశారు, ఏ రూల్ కింద చేశారు అన్న ప్రశ్నలతోనే పని మొదలుపెట్టాలి.

ముందుగా మూడు మాటల తేడా

ఊళ్లో అందరూ 'పంపించేశారు' అనే ఒకే మాట వాడతారు గానీ, చట్టంలో బర్తరఫ్ వేరు, తొలగింపు వేరు, డిశ్చార్జ్ వేరు. బర్తరఫ్, తొలగింపు ఆర్మీ చట్టం, 1950లోని 19, 20 సెక్షన్ల కింద వస్తాయి. బర్తరఫ్ కోర్టు మార్షల్ (సైనిక న్యాయస్థానం) శిక్షగా కూడా రావచ్చు. బర్తరఫ్ అయిన వ్యక్తికి ఆ సర్వీసు మీద పింఛను హక్కు ఉండదు. డిశ్చార్జ్ మాత్రం అదే చట్టంలోని 22వ సెక్షన్, ఆర్మీ రూల్స్, 1954లోని 13వ రూల్ కింద జరుగుతుంది. దాన్ని చట్టం శిక్షగా చూడదు. అర్హత సర్వీసు ఉంటే డిశ్చార్జ్ అయిన జవానుకు పింఛను కూడా వస్తుంది. నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో సగానికి పైగా 'మా అబ్బాయిని డిస్మిస్ చేశారు' అంటాయి. పుస్తకం తెరిస్తే అందులో డిశ్చార్జ్ అని ఉంటుంది. ఈ తేడా తెలియక, పోరాడదగిన కేసును 'అయిపోయింది' అనుకుని వదిలేసినవాళ్లు ఉన్నారు.

ఇక ఆ కారణం మీద ఏమేం ఆధారపడి ఉంటాయో చూడండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో మాజీ సైనికుల రిజర్వేషన్ కోసం రాసుకున్న నిర్వచనం ప్రకారం, సర్వీసు నుంచి విడుదలైన ప్రతివాడూ మాజీ సైనికుడు కాడు. పింఛను సంపాదించుకుని వచ్చినవాడు, సర్వీసు కారణంగా వచ్చిన అనారోగ్యంతో బయటికి వచ్చి వైకల్య పింఛను పొందినవాడు, బలగం తగ్గింపులో విడుదలైనవాడు అందులోకి వస్తారు. దుష్ప్రవర్తన వల్లనో అసమర్థత వల్లనో పింఛను రాకముందే పంపించినట్టు రాసి ఉంటే ఆ కోటాలో చోటు ఉండదు. పింఛను సంపాదించకుండానే సొంత కోరిక మీద బయటికి వచ్చినవాడికీ ఆ హోదా దక్కదు. జవాన్లకు సర్వీసు పింఛనుకు కనీసం 15 ఏళ్ల అర్హత సర్వీసు కావాలి కాబట్టి, పద్నాలుగో ఏట 'అవాంఛనీయుడు' అనిపించుకుని బయటపడ్డవాడి నష్టం ఒక్క గౌరవంతో ఆగదు.

మొదటి అడుగు: వరుసలో ఉన్న రూల్ నంబరును పట్టుకోవడం

డిశ్చార్జ్ బుక్‌లోనో, దానితో ఇచ్చిన సర్టిఫికెట్‌లోనో కారణంతో పాటు ఒక రూల్ నంబరు ఉంటుంది. జవాన్ల విషయంలో అది ఎక్కువగా 'ఆర్మీ రూల్ 13(3)' అని మొదలై, ఆ తర్వాత రోమన్ అంకె, చివర బ్రాకెట్లో మరో చిన్న రోమన్ అంకెతో ముగుస్తుంది. రూల్‌కు అనుబంధంగా ఉన్న పట్టికలో మొదటి భాగం జేసీఓలది, రెండోది వారంట్ ఆఫీసర్లది, మూడోది అటెస్టేషన్ (శిక్షణ తర్వాత లాంఛనంగా ప్రమాణం చేయించడం) పూర్తయిన జవాన్లది, నాలుగోది అటెస్టేషన్ కాని రిక్రూట్లది. మూడో భాగంలో ఉన్న అంశాల్లో మనకు ముఖ్యమైనవి నాలుగు: చేరినప్పటి షరతులు పూర్తి కావడం, వైద్యపరంగా సర్వీసుకు పనికిరాకపోవడం, షరతులు పూర్తి కాకముందే సొంత కోరిక, ఇక చివరిది 'మిగిలిన అన్ని రకాల డిశ్చార్జ్‌లు'. వివాదాలన్నీ దాదాపు ఆ చివరి అంశం దగ్గరే పుడతాయి. క్రమశిక్షణ సమస్యలున్న జవానును బయటికి పంపడానికి వాడేది అదే.

ఆ చివరి అంశం కింద ఉత్తర్వు ఇచ్చే అధికారం బ్రిగేడ్ కమాండర్ లేదా సబ్ ఏరియా కమాండర్ స్థాయిలో ఉంటుంది. ఉత్తర్వు ఇవ్వడానికి ముందు, పరిస్థితులు అనుమతిస్తే, ఆ జవానుకు కారణం చూపుకునే అవకాశం ఇవ్వాలని అదే పట్టిక చెబుతుంది. కాబట్టి పుస్తకం చేతిలో పట్టుకుని మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఏ అంశం కింద పంపించారు? ఆ అంశానికి పట్టిక చెప్పిన అధికారే సంతకం చేశారా? పట్టిక చెప్పిన ముందస్తు షరతు నెరవేరిందా? చాలా కేసుల భవిష్యత్తు ఈ మూడు జవాబుల్లోనే తేలిపోతుంది.

రెండో అడుగు: కాగితాలు తెప్పించుకోవడం

జ్ఞాపకం మీద కేసు నిలవదు. అటుపక్కవాళ్ల దగ్గర మీ ఫైలు మొత్తం ఉంటుంది. మీ దగ్గర పుస్తకం ఒక్కటే ఉంటే పోటీ సమానం కాదు. మీ రెజిమెంట్ లేదా కోర్ రికార్డ్ ఆఫీసుకు సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెట్టండి. సైన్యం ఆ చట్టం పరిధిలోనే ఉంది. రుసుము 10 రూపాయలు, జిరాక్స్‌కు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోయినా, సగమే ఇచ్చినా మొదటి అప్పీలు పెట్టుకోవచ్చు. దాని తర్వాత కేంద్ర సమాచార కమిషన్ ఉంటుంది.

దరఖాస్తులో 'నా కేసుకు సంబంధించిన సమాచారం ఇప్పించగలరు' అని రాస్తే రెండు ముక్కల జవాబు వస్తుంది. పేరు పెట్టి అడగాలి. డిశ్చార్జ్ మంజూరు చేసిన ఉత్తర్వు నకలు, దాని మీద సంతకం చేసిన అధికారి హోదా, తేదీ; షోకాజ్ నోటీసు, అది మీకు అందినట్టు చూపే రసీదు, మీరు ఇచ్చిన జవాబు; ప్రాథమిక విచారణ జరిగి ఉంటే దాని కాగితాలన్నీ; మీ షీట్ రోల్ (సర్వీసు వివరాల పత్రం), శిక్షల ఎర్రసిరా, నల్లసిరా ఎంట్రీలున్న కాండక్ట్ షీట్ (ప్రవర్తన పత్రం); పోస్టింగుల జాబితా; వైద్య కారణమైతే చేరినప్పటి వైద్య పరీక్షా పత్రం, మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, ఆసుపత్రి కాగితాలు. 'లేదు' అనే జవాబు కూడా మీకు ఉపయోగమే. విచారణ కాగితాలు అందుబాటులో లేవని రికార్డ్ ఆఫీసు రాసి ఇస్తే, సైనికుల సర్వీసు వివాదాలు విచారించే సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో ఆ లేఖ మీ తరఫు సాక్ష్యం అవుతుంది.

ఈ దశలో ఇంకొకటి అడగండి. ఆర్మీ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, సర్వీసు నుంచి బయటికి వచ్చే ప్రతి జేసీఓకు, వారంట్ ఆఫీసర్‌కు, జవానుకు కమాండింగ్ ఆఫీసర్ ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. సర్వీసును ముగించిన అధికారి ఎవరు, ముగించడానికి కారణం ఏమిటి, మొత్తం సర్వీసు ఎంత అనే మూడు విషయాలూ అందులో ఉండాలి. అది ఇంగ్లీషులోనే కాకుండా ఆ వ్యక్తి మాతృభాషలో కూడా ఉండాలని సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. శ్రీకాకుళం నుంచో కరీంనగర్ నుంచో వెళ్లిన జవానుకు తన ఉద్యోగం ఎందుకు పోయిందో తెలుగులో చదువుకునే హక్కును 1950లోనే చట్టం ఇచ్చింది. ఆ హక్కు గురించి విన్నవాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు.

మూడో అడుగు: తప్పు ఏ రకందో తేల్చుకోవడం

కాగితాలు వచ్చాక వెంటనే అర్జీ రాయకండి. రెండు మూడు రోజులు వాటిని తేదీల వరసలో పేర్చి, ఎవరైనా తెలిసినవాళ్లతో కలిసి చదవండి. తప్పు ఏ రకందో దాన్ని బట్టే దారి మారుతుంది.

అన్నిటికంటే తేలికైనది రాత తప్పు. ఉత్తర్వులో ఒక అంశం ఉండి, పుస్తకంలో మరొకటి ఎక్కితే కోర్టు వరకూ వెళ్లనక్కర్లేదు. ఉత్తర్వు నకలు జతచేసి రికార్డ్ ఆఫీసుకు సవరణ కోసం రాస్తే సరిపోతుంది.

అసలు బరువంతా ఎర్రసిరా ఎంట్రీల కేసుల్లో ఉంది. పెద్ద శిక్షలు కాండక్ట్ షీట్‌లో ఎర్రసిరాతో ఎక్కుతాయి. అలాంటివి నాలుగైతే జవానును పంపించేయవచ్చన్న అభిప్రాయం యూనిట్లలో గట్టిగా ఉంది. నాలుగో ఎంట్రీ పడిన రోజే 'ఇక సామాను సర్దుకో' అని తోటివాళ్లు చెప్పేస్తారు. కానీ 1988 డిసెంబర్ 28న ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ జారీ చేసిన విధాన లేఖ అలా చెప్పడం లేదు. అవాంఛనీయులుగా, అసమర్థులుగా భావించినవాళ్లను పంపించే ముందు ప్రాథమిక విచారణ జరపాలని, షోకాజ్ నోటీసు ఇవ్వాలని, జవాను ఎంతకాలం సర్వీసు చేశాడు, కఠిన ప్రాంతాల్లో ఎన్నేళ్లు ఉన్నాడు, ఎలాంటి పరిస్థితుల్లో బతికాడు అన్నవి లెక్కలోకి తీసుకోవాలని అది చెబుతుంది. నాలుగు ఎంట్రీలు ఉన్నంతమాత్రాన డిశ్చార్జ్ తప్పనిసరి కాదని కూడా అందులోనే ఉంది. వీరేంద్ర కుమార్ దూబే కేసులో 2015 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఈ లేఖనే ఆధారం చేసుకుంది. విచారణ జరపకుండా, ఈ అంశాలను చూడకుండా, ఎంట్రీల లెక్క ఒక్కటే పట్టుకుని ఇచ్చిన డిశ్చార్జ్ చెల్లదని తీర్పు చెప్పింది.

ఆ తీర్పు చూసి ధైర్యం తెచ్చుకోండి గానీ, దాన్ని మంత్రంలా వాడకండి. 2019లో సత్‌గుర్ సింగ్ కేసులో అదే సుప్రీంకోర్టు జవాను అప్పీలును కొట్టేసింది. లేఖలో చెప్పిన విచారణ అంటే సాక్షులను పిలిచి, క్రాస్ ఎగ్జామినేషన్ చేసే శాఖాపరమైన విచారణ కాదని, జవాను జవాబును దృష్టిలో పెట్టుకుని న్యాయంగా నిర్ణయం తీసుకున్నట్టు కనిపించడం ముఖ్యమని ఆ తీర్పు చెప్పింది. వైమానిక దళానికి చెందిన ఏ.కె. బక్షీ కేసులో కూడా, పదేపదే శిక్షలు పడినవాణ్ని 'సేవలు అవసరం లేవు' అని పంపడం శిక్ష కిందికి రాదని అదే కోర్టు 1996లో తేల్చింది. శిక్షణ పరీక్షల్లో విఫలమైన రిక్రూట్‌ను 'సమర్థ సైనికుడు అయ్యే అవకాశం లేదు' అని పంపిన దీపక్ కుమార్ సంత్రా కేసులో 2009లో సైన్యం వాదనే నెగ్గింది. అంటే ఎన్ని ఎంట్రీలు ఉన్నాయన్నదాని కంటే, నిర్ణయం తీసుకున్న అధికారి మీ సర్వీసును నిజంగా చూశారా లేదా అన్నదే కోర్టు ముందు ప్రశ్న. మీ పోస్టింగుల జాబితాలో సియాచిన్ ఉందా, కశ్మీర్ లోయ ఉందా, ఈశాన్యం ఉందా. ఉంటే ఉత్తర్వులో వాటి గురించి ఒక్క మాటైనా ఉందా? ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూపించగలిగితే చాలా దూరం వచ్చినట్టే.

వైద్య కారణాల కేసులు ఇంకో రకం. లో మెడికల్ కేటగిరీలో (ఆరోగ్య ప్రమాణం తగ్గిందని తేల్చిన వర్గంలో) ఉన్న జవానును పంపించేటప్పుడు వాడిన అంశం ఏమిటో జాగ్రత్తగా చూడాలి. అనారోగ్యం కారణంగా పంపించాలంటే ఇన్‌వాలిడింగ్ మెడికల్ బోర్డు (సర్వీసుకు పనికిరాడని తేల్చే వైద్యుల బోర్డు) సిఫారసు ఉండాలి. ఆ బోర్డు పెట్టకుండా, సర్వీసు ముగిసేటప్పుడు పెట్టే మామూలు రిలీజ్ మెడికల్ బోర్డుతో సరిపెట్టి పంపిన డిశ్చార్జ్‌ను రాజ్‌పాల్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెల్లదంది. బోర్డు పెట్టినా, 'ఈ జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు' అని ఒక గడిలో గీత గీసి వదిలేస్తే అక్కడా పోరాటం ఉంది. ధర్మవీర్ సింగ్ కేసులో మూర్ఛ వ్యాధితో బయటికి పంపిన జవాను విషయంలో 2013లో కోర్టు చెప్పింది ఇదే: చేరినప్పటి వైద్య పత్రంలో ఆ జబ్బు ప్రస్తావన లేకపోతే, ఆరోగ్యం సర్వీసు వల్లనే చెడిందని భావించాలి, కాదని నిరూపించే భారం సైన్యానిది. మెడికల్ బోర్డు కారణాలు రాయకపోతే ఆ అభిప్రాయానికి బలం తక్కువ. వైకల్య పింఛను తిరస్కరణ మీద శాఖలోనే మొదటి అప్పీలు, రెండో అప్పీలు అనే రెండు మెట్లు ఉంటాయి. తిరస్కరణ లేఖలో రాసిన గడువును ఎరుపు పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

సొంత కోరిక మీద వచ్చినట్టు రాసిన కేసులు గెలవడం కష్టమని నిజాయితీగా చెప్పాలి. 'బలవంతంగా సంతకం పెట్టించారు' అన్న ఒక్క మాటతో ఏదీ కదలదు. ఆ అర్జీ తేదీ, దాన్ని మంజూరు చేసిన తేదీ, మధ్యలో మీరు వెనక్కి తీసుకుంటున్నానని రాసిన కాగితం, ఆ రోజుల్లో మీరు ఆసుపత్రిలో ఉంటే ఆ రికార్డు, ఇవి ఉంటేనే ముందుకు వెళ్లండి.

నాలుగో అడుగు: రిప్రజెంటేషన్ రాయడం

ట్రిబ్యునల్‌కు వెళ్లేముందు శాఖలో ఉన్న దారి వాడుకోవాలని చట్టం కోరుతుంది. ఇంకా సర్వీసులో ఉన్నవాడు ఆర్మీ చట్టం 26వ సెక్షన్ కింద ఫిర్యాదు చేసుకోవచ్చు. బయటికి వచ్చేసినవాడు ఉత్తర్వు ఇచ్చిన అధికారికి పైస్థాయి అధికారిని ఉద్దేశించి, రికార్డ్ ఆఫీసు ద్వారా రిప్రజెంటేషన్ (రాతపూర్వక అర్జీ) పంపి, నకలు చీఫ్ ఆఫ్ ఆర్మీ స్టాఫ్ కార్యాలయానికి పంపాలి. కోర్టు మార్షల్ ద్వారా శిక్ష పడి ఉంటే దారి వేరు: 164వ సెక్షన్ కింద పిటిషన్, ఆ తర్వాత ట్రిబ్యునల్‌లో అప్పీలు.

ఈ అర్జీ ఇంగ్లీషులోనో హిందీలోనో వెళ్తుంది. అయినా ముందు తెలుగులో రాసుకోమని నా సలహా. మన భాషలో తేటగా చెప్పలేని వాదన మరో భాషలోకి వెళ్లినా తేటపడదు. నా చేతికి వచ్చిన ఒక చిత్తుప్రతిలో మొదటి పేరా ఇలా ఉంది: 'నేను దేశం కోసం ప్రాణాలకు తెగించి సేవ చేశాను. కొందరు అధికారులు కక్షగట్టి నా జీవితం నాశనం చేశారు. దయచేసి న్యాయం చేయండి.' అందులో ఉన్న బాధ నిజమే, కానీ చదివే అధికారి జవాబు చెప్పవలసిన విషయం ఒక్కటీ లేదు. మేమిద్దరం కూర్చుని దాన్ని ఇలా మార్చాం: 'నన్ను 13(3) మూడో భాగం చివరి అంశం కింద ఫలానా తేదీన డిశ్చార్జ్ చేశారు. షోకాజ్ నోటీసు ఫలానా తేదీన అందింది, నేను పదో రోజున జవాబు ఇచ్చాను. ఆ జవాబులో నా తండ్రి ఆసుపత్రి కాగితాలు జతచేశాను. మంజూరు ఉత్తర్వులో నా జవాబు ప్రస్తావనే లేదు. 1988 డిసెంబర్ 28 నాటి లేఖ ప్రకారం జరగాల్సిన ప్రాథమిక విచారణ కాగితాలు తమ వద్ద లేవని రికార్డ్ ఆఫీసు ఇచ్చిన సమాధానం నకలు జతచేస్తున్నాను.' ప్రతి వాక్యానికీ ఒక తేదీ, ఒక కాగితం ఉన్నాయి. అవుననో కాదనో చెప్పి తీరాల్సిన వాక్యాలివి.

మీ తప్పులు దాచకండి. సెలవు దాటి ఇంట్లో ఉండిపోయినందుకు శిక్షలు పడి ఉంటే అవి కాండక్ట్ షీట్‌లో ఉంటాయి, అటుపక్కవాళ్లు మొదటి పేజీలోనే చూపిస్తారు. ఏ సెలవు ఎందుకు దాటిందో, ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరిగిందో మీరే ముందుగా చెప్పి, ఆధారం పెట్టడం మేలు.

చివర ఏం కోరుతున్నారో అంచెలుగా రాయండి. మొదటి కోరిక డిశ్చార్జ్ ఉత్తర్వు రద్దు, దానితో వచ్చే ప్రయోజనాలన్నీ. అది కుదరదంటే, పింఛనుకు కావలసిన సర్వీసు పూర్తయ్యేదాకా సర్వీసులో ఉన్నట్టు భావించడం. అది కూడా కాదంటే, కారణాన్ని సరైన అంశం కిందికి మార్చి కొత్త సర్టిఫికెట్ ఇవ్వడం. మొదటిదొక్కటే అడిగి ఊరుకుంటే, అది దక్కనప్పుడు మిగిలినవి ఇచ్చే వీలున్నా ఎవరూ ఇవ్వరు. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, చేరినట్టు చూపే ట్రాకింగ్ కాగితం ఫైలులో పెట్టుకోండి. గడువు లెక్క ఆ కాగితం మీదే నడుస్తుంది.

ఐదో అడుగు: గడువు లెక్క

సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం, 2007లో 21, 22 సెక్షన్లు ఈ విషయం చెబుతాయి. మీ రిప్రజెంటేషన్ మీద తుది ఉత్తర్వు వస్తే, ఆ తేదీ నుంచి 6 నెలల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఏ జవాబూ రాకుండా 6 నెలలు గడిస్తే, శాఖలోని దారి వాడుకున్నట్టే లెక్క. ఇంకా ఎదురుచూడకుండా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, వెళ్లాలి కూడా. 'పంపాను, ఇంకా జవాబు రాలేదు' అంటూ నాలుగేళ్లు కూర్చున్నవాళ్ల కేసులే ఎక్కువగా చెడిపోతాయి. మళ్లీ మళ్లీ గుర్తుచేస్తూ రాసే ఉత్తరాలు గడువును పెంచవు.

ఆలస్యమైనా తగిన కారణం చూపిస్తే ట్రిబ్యునల్ మన్నించవచ్చు. అనారోగ్యం, కాగితాలు ఇవ్వకపోవడం, చట్టం గురించి ఎవరూ చెప్పకపోవడం లాంటివి తేదీలతో సహా అఫిడవిట్‌లో రాయాలి. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. పింఛను ప్రతినెలా అందాల్సినది కాబట్టి, అది అందకపోవడం కొనసాగుతున్న నష్టం. తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఆలస్యంగా వచ్చినా వైకల్య పింఛను అడగనిచ్చి, బకాయిలను మాత్రం వెనక్కి 3 ఏళ్లకు పరిమితం చేసింది. డిశ్చార్జ్ ఉత్తర్వు ఒక్క రోజున జరిగి ముగిసినది, దానికి ఈ వెసులుబాటు అంత తేలిగ్గా దొరకదు. అందుకే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే కుటుంబానికి కారణం మార్పు కంటే పింఛను వైపు నుంచి ఏమైనా దారి ఉందేమో ముందు చూడాలి.

ఆరో అడుగు: ట్రిబ్యునల్

సాయుధ దళాల ట్రిబ్యునల్ 2009 ఆగస్టు నుంచి పనిచేస్తోంది. న్యాయమూర్తిగా పనిచేసిన సభ్యుడు ఒకరు, సీనియర్ సైనికాధికారిగా పనిచేసిన సభ్యుడు ఒకరు కలిసి విచారిస్తారు. యూనిట్ ఎక్కడున్నా సరే, సర్వీసు నుంచి బయటికి వచ్చిన వ్యక్తి తాను నివసించే ప్రాంతపు బెంచ్‌లో దరఖాస్తు వేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులకు అది చెన్నై బెంచ్. లాయరును పెట్టుకోవచ్చు, సొంతంగా కూడా వాదించుకోవచ్చు. నా అభిప్రాయంలో ఇలాంటి కేసు సొంతంగా వాదించడం మంచిది కాదు. సైనిక సర్వీసు కేసులు చూసే లాయరును వెతుక్కోండి. ఆర్థికంగా కుదరకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో సహాయం అడగండి. లాయరును ఎంచుకునేటప్పుడు ఒక ప్రశ్న వేయండి: 'నా డిశ్చార్జ్ ఏ అంశం కింద జరిగింది?' మీ కాగితాలు చదివాక దీనికి సూటిగా జవాబు చెప్పలేని మనిషికి వకాల్తా ఇవ్వకండి.

దరఖాస్తుకు కాగితాలన్నీ జతచేసి, అసలు రికార్డులను ట్రిబ్యునల్ ముందుకు తెప్పించమని తప్పనిసరిగా అడగాలి. అటువైపు నుంచి కౌంటర్ అఫిడవిట్ (వాళ్ల జవాబు) వస్తుంది. అందులో మీకు అంతకుముందు ఇవ్వని కాగితాలు కొన్ని బయటపడతాయి. దానికి జవాబుగా వేసే రిజాయిండర్‌ను చాలామంది లాంఛనంగా చూస్తారు. నిజానికి కేసు అక్కడే తిరుగుతుంది. కౌంటర్‌లో చెప్పిన ప్రతి విషయాన్నీ పేరా నంబరు వేసి ఒప్పుకోవడమో, కాగితం చూపించి కాదనడమో చేయాలి. జవాబు ఇవ్వకుండా వదిలేసిన పేరాను ఒప్పుకున్నట్టే తీసుకునే ప్రమాదం ఉంది.

గెలిస్తే ఏం వస్తుంది అన్న ప్రశ్నకు జవాబు ముందే తెలిసి ఉండటం మంచిది. ఏళ్లు గడిచాక మళ్లీ యూనిఫాం వేసుకుని వెళ్లడం చాలా అరుదు. దూబే కేసులో సుప్రీంకోర్టు డిశ్చార్జ్‌ను రద్దు చేసి, పింఛను అర్హత వచ్చేవరకు అతను సర్వీసులో ఉన్నట్టు భావించమంది, పింఛనుతో సహా మిగిలిన ప్రయోజనాలు ఇమ్మంది, గడిచిన కాలపు జీతం మాత్రం ఇవ్వలేదు. ట్రిబ్యునల్‌లో ఓడితే, సార్వజనిక ప్రాముఖ్యం ఉన్న న్యాయసూత్రం ఇమిడి ఉన్నప్పుడు అనుమతి తీసుకుని సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు. పరశోత్తమ్ దాస్ కేసులో 2023లో వచ్చిన తీర్పుతో, రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేసే దారి కూడా తెరిచే ఉందని తేలిపోయింది. సామాన్య జవానుకు ఢిల్లీ కంటే హైకోర్టు దగ్గర.

ఇంకా సర్వీసులోనే ఉండి షోకాజ్ నోటీసు అందుకున్నవాళ్లకు

మీకు అందరికంటే మంచి అవకాశం ఉంది. సత్‌గుర్ సింగ్ తీర్పు చదివితే షోకాజ్ జవాబుకు ఎంత విలువుందో అర్థమవుతుంది. 'ఈసారికి క్షమించండి, ఇక చేయను' అని రెండు వరుసలు రాసి ఇస్తే, తర్వాత ఏ కోర్టులోనైనా అదే మీకు అడ్డుపడుతుంది. గడువు చాలకపోతే రాతపూర్వకంగా పొడిగింపు అడగండి. మీ మీద వాడబోయే కాగితాల నకళ్లు అడగండి. జవాబులో ప్రతి ఎంట్రీకీ కారణం, మీ కఠిన పోస్టింగులు, పతకాలు, ఇంటి పరిస్థితులు, అన్నిటికీ ఆధారాలు పెట్టండి. ఇచ్చిన జవాబు నకలు మీద తేదీతో రసీదు సంతకం తీసుకోండి. భయంతో ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. భార్యకో, అన్నకో ఆ నోటీసు ఫొటో పంపండి. ఏడాది తర్వాత అది మీ దగ్గర లేకపోయినా వాళ్ల ఫోన్‌లో ఉంటుంది.

ఉత్తర్వు అనుకూలంగా వచ్చాక

చాలామంది ఇక్కడ ఆగిపోతారు, అది పొరపాటు. ట్రిబ్యునల్ ఉత్తర్వు రికార్డ్ ఆఫీసు ఫైలులో చేరినంతమాత్రాన మీ పుస్తకంలోని వరుస తనంతట తాను మారదు. ధ్రువీకరించిన నకలు తీసుకుని, అమలు చేయమని రికార్డ్ ఆఫీసుకు లేఖతో పంపండి. ట్రిబ్యునల్ ఇచ్చిన గడువు దాటితే అమలు కోసం మళ్లీ ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు వేయండి. పింఛను ఉత్తర్వు వేరుగా రావాలి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుడి గుర్తింపు కార్డు వేరుగా పెట్టుకోవాలి. కొత్త సర్టిఫికెట్ చేతికి అందగానే కారణం గడిని, రూల్ నంబరును, మొత్తం సర్వీసు లెక్కను ఉత్తర్వుతో సరిపోల్చుకోండి. అది ఇంగ్లీషులో మాత్రమే వస్తే, 23వ సెక్షన్‌ను గుర్తుచేస్తూ తెలుగు ప్రతి కూడా పంపమని ఇంకొక ఉత్తరం రాయండి.